నేనే బాగుచేస్తానన్న పంపు

జూన్ 19

పొద్దున సెల్లారులో పంపు చచ్చిపోయింది.

సెల్లారు మూలన ఒక గుంట ఉంది. వానలకి నేలలో ఊరే నీళ్ళన్నీ అందులోకి చేరతాయి. పంపు ఆ గుంటలోనే మునిగి కూర్చుని, నీళ్ళు పెరగగానే తనంత తానే లేచి బయటికి ఎత్తిపోస్తుంది. మాటా పలుకూ లేకుండా పని చేసుకుపోయే రకం. నాకు చాలా ఇష్టమైన మనిషి. ఈ రెండు నెలలూ అయితే ఎండ కాసిన రోజున కూడా ఆగలేదు. అంత పనిమంతుడు ఇలా బురదలో పోవడం బాధగా ఉంది.

సెల్లారంటే పాత సామాన్లు పడేసే చోటు కాదు. మా ఆవిడ పని అక్కడే. పొడుగాటి బల్ల, రంగు తొట్లు, గోడ నిండా చెక్క అచ్చులు. దుప్పట్ల మీదా తెరల మీదా అచ్చులు వేస్తుంది. కొత్తగా కట్టిన లాడ్జీకి తెరలన్నీ వచ్చే నెల పదో తారీఖుకి ఇవ్వాలి. నీళ్ళు అప్పుడే బల్ల కాళ్ళు పట్టుకున్నాయి.

"ప్లంబరుని మీరు పిలుస్తారా, నన్ను పిలవమంటారా?" అంది.

"నేనే చేస్తాను."

"పిలవడమా?"

"బాగుచెయ్యడం."

ఆవిడ అటక వైపు చూసింది. అటక మీద నేను బాగుచేసిన గోడ గడియారం ఉంది.

తీర్మానం: పంపును నా చేతులతో నేనే బాగుచేస్తాను. ప్లంబరు మా గడప తొక్కడు. లెక్కలు నాకెవరు నేర్పారు? కలప డిపోలో దుంగలు లెక్కపెడుతూ నేనే నేర్చుకున్నాను. పంపు ఒక లెక్కా!

కావలసినవి: స్పానర్లు (ఉన్నాయి). టార్చి (ఉంది). రబ్బరు బూట్లు (లేవు, పాత చెప్పులు చాలు). ఓర్పు (బోలెడంత).

డబ్బు జమాఖర్చులు డిపోలో రాస్తాను. మిగిలినవి రోజూ ఇక్కడ రాసుకోవడం అలవాటు.

జమ: ఒక తీర్మానం. ఖర్చు: మూడు మాటలు.

జూన్ 20

డిపోకి సెలవు పెట్టాను. గుంటలోంచి పంపును పైకి లాగాను. అనుకున్నదానికంటే బరువు. వెనక్కి పడ్డాను. పంపు నా మీద పడింది. ఎవరూ చూడలేదు.

విప్పాను! లోపల దొరికినవి: దారపు ఉండ, చొక్కా గుండీ, బట్టల క్లిప్పు సగం, పేరు తెలియని నల్లటి జిగురు. ఇంత చెత్త మింగి కూడా రెండు నెలలు ఒక్క మాట అనలేదు.

విప్పిన స్క్రూలన్నీ విప్పిన వరసలోనే పాత పేపరు మీద పేర్చాను. వెనక నుంచి బిగించుకుంటూ వస్తే సరిపోతుంది. ఇది నా సొంత పద్ధతి. చేతులు కడుక్కొచ్చేసరికి పేపరు లేదు.

అత్తయ్యగారు కుర్చీలో కూర్చుని అదే పేపరు చదువుతున్నారు.

"స్క్రూలు...?"

"ఆ మేకులా అల్లుడుగారూ? కాళ్ళలో గుచ్చుకుంటాయని జాగ్రత్తగా డబ్బాలో పోశాను."

జాగ్రత్తగానే పోశారు. ఆ డబ్బాలో నేను పదిహేనేళ్ళుగా దాచిన స్క్రూలు కూడా ఉన్నాయి.

జమ: గుండీ, సగం క్లిప్పు. ఖర్చు: వరస.

జూన్ 22, ఆదివారం

తిరుగుతోంది!!

పగలంతా బిగించాను. ప్లగ్గు పెట్టగానే ఒక్క వణుకు వణికి, దగ్గి, నీళ్ళు లాగడం మొదలుపెట్టింది. మా ఆవిడ, అత్తయ్యగారు మెట్ల మీద నిలబడి చూశారు. అత్తయ్యగారు చప్పట్లు కొట్టారు. "పెళ్ళిచూపులప్పుడు నోట్లోంచి మాట రాకపోతే ఏమో అనుకున్నాను, చేతిలో పనుంది" అన్నారు. పొగడ్తగానే తీసుకున్నాను.

ఒక స్క్రూ మిగిలింది. కంపెనీ వాళ్ళు ఒకటి ఎక్కువ బిగించి ఉంటారు.

సాయంత్రానికి నేల బయటపడింది. మా ఆవిడ బల్ల దగ్గర నిలబడింది. అచ్చు రంగులో ముంచి, గుడ్డ మీద పెట్టి, పిడికిలితో ఒక గుద్దు. టప్. మళ్ళీ టప్. ఆ చప్పుడు నేను కూర్చునే గది నేల కిందనుంచి వస్తుంది. పదహారేళ్ళుగా నా కూడికలన్నీ ఆ చప్పుడు మీదే నడుస్తున్నాయి, డిపోలో కూడా అది చెవుల్లోనే ఉంటుంది. ఆవిడకి ఈ సంగతి చెప్పలేదు. చెప్పాల్సిన సందర్భం రాలేదు.

నా పద్ధతి మీద రెండు మాటలు రాసుకుంటాను, తరవాత ఎవరికైనా పనికొస్తుంది. సమస్యను మాటలతో పెంచకూడదు, పనితో తుంచాలి. ఏప్రిల్లో పక్కింటి డ్రిల్లు మాస్టారు గోడ మీంచి తల పెట్టి, "ఏవండీ, మీ పంపు నీళ్ళు మా వైపుకి వస్తున్నాయండీ..." అని మొదలుపెట్టారు. రెండో మాట రానివ్వలేదు. "అలాగేనండీ" అని లోపలికొచ్చేశాను. ఆ సాయంత్రమే ఆయన గోడ దాకా వెళ్ళే గొట్టాన్ని కోసి, నీళ్ళు మా ఇంటి గోడ పక్కనే పడేట్టు తిప్పేశాను. గొడవ లేదు, వాదన లేదు. ఆ రోజు నుంచి మాస్టారు నన్ను పలకరించలేదు. అంటే సంతృప్తి పడ్డారన్నమాట.

జమ: టప్ టప్. ఖర్చు: ఏమీ లేదు!

జూన్ 24

పొగ.

మిగిలిన ఆ స్క్రూ అవసరమైనదే.

డిపో నుంచి వచ్చేసరికి సెల్లారులో మడమల దాకా నీళ్ళు. వాన కూడా ఇవాళే కురవాలా! అచ్చు వేసి కింద తాడు మీద ఆరేసిన తెరలు రెండు జారి నీళ్ళలో పడ్డాయి. పువ్వులన్నీ కరిగి ఒక పెద్ద మరక అయ్యాయి. మాది వాలు కప్పు ఇల్లు, పైన ఆరేసే చోటు లేదు.

మా ఆవిడ కోప్పడలేదు. తెరలు పిండుతూ అంది. "ప్రెస్సు వీధిలో ఒక గది చూశానండీ. రెండో అంతస్తు. పొడిగా ఉంది, పక్కనే డాబా. ఒకటో తారీఖు నుంచి ఇస్తానంటున్నారు. ముప్పయ్యో తారీఖులోగా మాట చెప్పాలి. నేనేమనుకుంటున్నానంటే..."

"మంచిది" అని స్నానానికి వెళ్ళిపోయాను.

చన్నీళ్ళు పోసుకుంటూ చాలాసేపు ఆలోచించాను. బల్ల వెళ్ళిపోతుంది. అచ్చులు వెళ్ళిపోతాయి. పొద్దున్నే క్యారేజీ పట్టుకుని ఆవిడ వెళ్ళిపోతుంది. కింద చప్పుడుండదు. ఉండదు కదా అని చెప్పి ఏం లాభం? చెప్తే నీళ్ళు ఆగుతాయా?

ముప్పయ్యో తారీఖులోగా సెల్లారు పొడిగా ఉండాలి. అంతే.

జమ: గడువు. ఖర్చు: రెండు తెరలు, ఒక పంపు, ఒక మాట.

జూన్ 25

తీర్మానానికి చిన్న సవరణ: బాగుచెయ్యడం అంటే మార్చడం కూడా. పాతది తీసి కొత్తది నా చేతులతోనే పెడతాను కాబట్టి తీర్మానం చెక్కుచెదరలేదు.

పంపుల షాపులో ఆయన ప్రశ్నలు మొదలుపెట్టాడు. గుంట ఎంత లోతు? గొట్టం ఎంత ఎత్తు? నీళ్ళు ఎక్కడ వదులుతారు? ఇంత మాట్లాడాలంటే నావల్ల కాదు. అన్నిటికంటే పెద్ద పంపును వేలితో చూపించాను.

"అది హోటళ్ళకి పెడతారండీ."

తల ఊపాను.

"మీకు హోటలుందా?"

మళ్ళీ ఊపాను. అంతకంటే దగ్గరి దారి కనపడలేదు.

జూన్ 26

కొత్త పంపు గుంటలో పట్టలేదు. గుంట పెద్దది చేశాను. నడుం పట్టేసింది.

అయితేనేం! స్విచ్చి వేసిన కాసేపటికల్లా గుంట ఖాళీ. సెల్లారు నేల ముఖం కనపడింది. మా ఆవిడ చీపురుతో నీళ్ళన్నీ తోసి, బల్ల తుడిచి, "బాగుందండీ" అంది. ఆ మాట డైరీలో గీత గీసి రాసుకున్నాను.

రాత్రి భోజనాల దగ్గర అత్తయ్యగారు చెవి పెట్టి విన్నారు. "ఈ మోటారు మధ్యలో ఊపిరి తీసుకోదా అల్లుడుగారూ?"

"పనిమంతుడు" అన్నాను.

జమ: బాగుందండీ. ఖర్చు: నడుం.

జూన్ 27

నిన్నటి నుంచి వాన చుక్క లేదు. పంపు ఆగలేదు. గోడ అడుగు నుంచి నీళ్ళు సన్నగా కారుతూనే ఉన్నాయి. పంపు ఎంత తోడుతుందో అంత వస్తున్నాయి.

డిపోలో ఖాళీ దొరికినప్పుడు భూగర్భ జలాల మీద ఒక పుస్తకం చదివాను. విషయం తేలిపోయింది. మా ఇంటి కింద ఊట ఉంది! తప్పు పంపుది కాదు, నాది కాదు, భూమిది.

ఇంట్లో ఆ ఒక్క మాటే చెప్పాను. "ఊట."

సాయంత్రానికి వీధి వీధంతా తెలిసింది. అత్తయ్యగారు కూరగాయలు కొంటూ చెప్పారట. "మా అల్లుడు గుంట తవ్వాడమ్మా, ఊట పడింది." ఒకావిడ బిందె తీసుకుని వచ్చింది. గుంటలో నీళ్ళు చూసి బిందె తీసుకుని వెళ్ళిపోయింది.

జూన్ 28

ప్లంబరును పిలవలేదు. దారిలో కనిపించాడు. (ఆయన షాపు ముందు అరగంట నిలబడ్డాను.)

"ఏంటండీ, ఏమైనా పనుందా?" అన్నాడు.

"లేదు."

"మరి?"

"ఎండగా ఉంది."

మబ్బు పట్టి ఉంది. ఆయన పైకి చూశాడు, నావైపు చూశాడు, స్టూలు వేశాడు. కూర్చున్నాక తెలిసినవాళ్ళింట్లో జరిగినట్టు చెప్పాను. తెలిసినవాళ్ళకి కొత్త పంపు ఉంది, పని చేస్తోంది, అయినా నీళ్ళు వస్తున్నాయి.

"తెలిసినవాళ్ళని ఇంకో పంపు పెట్టుకోమనండి. ఒకటి చాలట్లేదు" అన్నాడు వెంటనే. "రేపు వచ్చి పెట్టేస్తాను. మీ ఇల్లు ఆ మలుపులోదే కదా?"

జమ: సలహా. సలహా తీసుకోవడం పిలవడం కిందికి రాదు.

జూన్ 29

ప్లంబరు వచ్చాడు. ఫోను చెయ్యమన్నది అత్తయ్యగారు. నేను నంబరు మాత్రం నొక్కాను. వచ్చాక గడప తొక్కకుండా వెనక వైపు నుంచి తీసుకెళ్ళాను. తీర్మానంలో గడప అని స్పష్టంగా రాసి ఉంది.

రెండో పంపు బిగించాడు. "ఇంక చూడండి" అని వెళ్ళాడు.

చూశాను. రెండు పంపులూ తోడుతున్నాయి. గోడలోంచి రెండింతల నీళ్ళు వస్తున్నాయి.

ఇల్లంతా సన్నగా వణుకుతోంది. గ్లాసులో మంచినీళ్ళు వణుకుతున్నాయి. పెన్ను వణుకుతోంది, చేతిరాత బాగా లేకపోతే అదీ కారణం.

మా ఆవిడ పొద్దుటి నుంచి అచ్చు ముట్టుకోలేదు. గుమ్మంలో నిలబడి అడిగింది. "రేపు ఆ గదివాళ్ళకి ఏం చెప్పమంటారు?"

వద్దని చెప్పమందామనుకున్నాను. "నీ ఇష్టం" అన్నాను.

ఆవిడ కిందికెళ్ళి, మిగిలిపోయిన ఎర్ర రంగు తొట్టెత్తి, బయట పారబోసే ఓపిక లేక గుంటలోనే గుమ్మరించింది. అది చూశాక ఇంక ఏమీ అడగబుద్ధి కాలేదు. తొట్లు ఖాళీ చేస్తోందంటే సర్దుకుంటోందనే.

ఇవాళ జమ లేదు.

జూన్ 30

జరిగింది జరిగినట్టు రాస్తాను. వరస తప్పకూడదు.

పొద్దున్నే కింద నుంచి కేక. "ఏవండీ! ఒకసారిలా రండి!"

దిగాను. మా ఆవిడ గోడ ముందు గొంతుక్కూర్చుంది. గోడ అడుగు నుంచి నీళ్ళు వస్తున్నాయి. ఎర్రగా.

"మీ ఊట ఎర్రగా ఎందుకుంది?"

నేను వేలు ముంచి చూశాను.

"నా రంగు అండీ అది. చెక్కలు ఉడకబెట్టి తీసిన రంగు, నాకు తెలీదా? నిన్న గుంటలో పోశాను. మీ పంపులు బయటికి తోశాయి. ఇవాళ గోడలోంచి తిరిగొచ్చింది." లేచి నావైపు తిరిగింది. "బయట మీ గొట్టం ఎక్కడ వదులుతోంది నీళ్ళు?"

ఇంటి వెనక్కి వెళ్ళి చూశాం. రెండు గొట్టాలూ మా ఇంటి గోడ పక్కనే, ఒకే చోట, ఎర్రటి నీళ్ళు పోస్తున్నాయి. మట్టి పీల్చేస్తోంది. ఏప్రిల్ నుంచి మా పంపు ఆ నీళ్ళనే తోడి పోసి, పోసినవే మళ్ళీ తోడుతోంది. పాపం, అందుకే ఆగలేదు. ఆ చేసే పనిని నేను చూసి మెచ్చుకుంటూ కూర్చున్నాను.

"గొట్టం అవతలి గోడ దాకా ఉండేది కదా? ఎందుకు కోశారు?"

"మాస్టారు గొడవ పడతారని."

"పడ్డారా?"

"పడబోయారు."

"ఏమన్నారు?"

"నీళ్ళు మా వైపుకి వస్తున్నాయండీ, అన్నారు."

"ఆ తరవాత?"

తరవాత నాకు తెలియదు. నేను లోపలికొచ్చేశాను కదా.

మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని పక్కింటికి తీసుకెళ్ళింది. డ్రిల్లు మాస్టారు చేతిలో చెంబుతో వంగమొక్కల దగ్గరున్నారు. మొక్కలు పుల్లల్లా ఉన్నాయి. నన్ను చూడగానే మొహం తిప్పుకున్నారు.

"మాస్టారూ, ఏప్రిల్లో మా నీళ్ళ గురించి ఈయనతో ఏదో చెప్పబోయారట. ఇప్పుడు చెప్పండి. ఈయన వింటారు. పట్టుకున్నాను" అంది మా ఆవిడ.

"ఇప్పుడెందుకులేమ్మా. మీ నీళ్ళు మా వైపుకి వస్తున్నాయండీ, మొక్కలు చూడండి ఎంత ఏపుగా ఎదిగాయో, నాలుగు కాయలు తీసుకెళ్ళండి అందామని పిలిచాను. నా మాట సగంలో ఉండగానే మాయమయ్యారు. పొద్దున లేచేసరికి గొట్టం కోసేశారు! నేనేం తప్పు మాట్లాడాను? అంత కోపమైతే నాకూ ఉంటుంది. అందుకే పలకరించలేదు."

సంతృప్తి పడ్డారని రాసుకున్నాను నేను.

"గొట్టం మళ్ళీ పెడతాను" అన్నాను.

"పెట్టండి. పెట్టి, ఒక నిమిషం ఉండండి."

తిరిగొస్తుంటే మా ఆవిడ అంది. "గది సంగతి చెప్పిన రోజు కూడా నా మాట సగంలో ఉండగానే స్నానానికి పోయారు."

"మిగతాది ఏంటి?"

"ఇప్పుడు చెప్పను." లోపలికెళ్ళిపోయింది.

సాయంత్రం గొట్టాలు రెండూ అవతలి గోడ దాకా వేశాను. నా చేతులతో. పంపులు కాసేపు తోడి, వాటంతట అవే ఆగాయి. రెండు నెలల తరవాత ఇల్లు ఊరుకుంది.

మా ఆవిడ గదివాళ్ళకి ఏం చెప్పిందో అడగలేదు. అడిగితే చెబుతుంది కదా, అదీ భయం.

జూలై 1

నేల పొడిగా ఉంది. అచ్చులు లేవు. గోడ మీద వాటి మేకులు మాత్రం ఉన్నాయి. మా ఆవిడ లేదు.

"పొద్దున్నే బుట్టల్లో సర్దుకుని ప్రెస్సు వీధికి వెళ్ళింది" అన్నారు అత్తయ్యగారు. "మీకు చెప్పిందనుకున్నాను."

డిపోలో టేకు దుంగల పట్టీ కూడిక వేశాను. తప్పు. మళ్ళీ వేశాను. ఇంకో అంకె. మూడోసారి ఇంకోటి. ఇన్నేళ్ళలో నా కూడిక తప్పడం డిపోలో ఎవరూ చూడలేదు. పట్టీ మూసి పక్కాయనకి ఇచ్చి బయటికొచ్చేశాను. మధ్యాహ్నం డిపో వదలడం ఇదే మొదలు.

ప్రెస్సు వీధి. రెండో అంతస్తు. గది తలుపుకి తాళం వేసి ఉంది. పక్కన డాబా. అక్కడ ఎండలో వరసగా పరిచిన అచ్చులు, తాళ్ళ మీద తెరలు. మధ్యలో మా ఆవిడ.

"ఏంటండీ, డిపోలో ఏమైంది?" అని పరుగెత్తుకొచ్చింది.

మెట్లెక్కిన ఆయాసం. ఆగితే రాదని ఒకేసారి అన్నాను. "కింద నీ చప్పుడు లేకపోతే నాకు కూడిక తప్పుతోంది. గది తీసుకోవద్దు. తీసుకున్నా సరే. అంటే, తీసుకోవద్దు."

ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు. నవ్వే.

"ఈ మాట చెప్పడానికి రెండు పంపులు కొన్నారా?"

అచ్చుల పక్కనే కూలబడ్డాను.

"నీళ్ళు ఆగాక గది వద్దని నిన్ననే చెప్పేశాను. అచ్చులు గోడ చెమ్మకి ఉబ్బాయి, ఒక్క రోజు ఎండబెట్టుకుంటానంటే డాబా ఇచ్చారు. ఆ రోజు చెప్పబోయిందీ అదే. మీరు ఒక్కసారి వద్దంటే మానేద్దామనుకుంటున్నానండీ, అని. మీరు సబ్బు తీసుకుని వెళ్ళిపోయారు."

అచ్చులు బుట్టల్లో పెట్టడానికి సాయం చేశాను. ఇంటికి మోసింది నేనే.

జమ: రాయలేను. ఖర్చు: పదమూడు మాటలు. ఇరవై అయినా సరే.

జూలై 4

టప్. టప్. కూడికలు సరిగ్గా వస్తున్నాయి. తెరలు పదో తారీఖుకి అందుతాయట.

కొత్త తీర్మానం: ఇక నుంచి ఎవరు మాట్లాడినా చివరిదాకా విని లేస్తాను. ఎవరి సాయమూ అక్కర్లేదు, నేనే చేస్తాను. వినడం ఒక పనా!

వంటింట్లో కుళాయి కారుతోంది. దానికి ప్లంబరు ఎందుకు? స్పానరు తీశాను. అత్తయ్యగారు పెరట్లోంచి, "అల్లుడుగారూ, కుళాయి విప్పేముందు మీరు..." అంటున్నారు. చూసుకుంటానులెండి.

అదే రోజు, తరవాత

ముందు నీళ్ళ ట్యాంకు కట్టెయ్యమని చెప్పబోయారట.

నీళ్ళు వంటింట్లోంచి వసారాలోకి, అక్కణ్ణుంచి సెల్లారు మెట్ల మీదుగా గుంటలోకి దిగాయి. నాలుగు రోజులుగా ఊరికే కూర్చున్న పంపులు రెండూ ఒక్కసారి లేచాయి. హోటలు పంపు సంతోషంతో గర్జించింది. మా ఆవిడ బల్లెక్కి నిలబడి, "ఏవండీ!" అన్నది ఒక్కటే వినపడింది.

ట్యాంకు కట్టేసి పెరట్లోకి వచ్చేసరికి గోడ మీద డ్రిల్లు మాస్టారి తల.

"ఏవండీ, మీ పంపు నీళ్ళు మా వైపుకి వస్తున్నాయండీ..."

అలవాటుగా కాలు లోపలికి పడింది. వెనక్కి తీసుకున్నాను. నిలబడ్డాను.

మాస్టారు వంగమొక్కల దగ్గర మొదలుపెట్టారు. బెండ మీదుగా తన మోకాలి నొప్పికి వచ్చారు. మోకాలి నుంచి డాక్టరుకి, డాక్టరు నుంచి డాక్టరు తమ్ముడికి, ఆ తమ్ముడు ఒకప్పుడు తన దగ్గర డ్రిల్లు ఎగ్గొట్టిన సంగతికి వెళ్ళారు. చీకటి పడింది. వంటింట్లో నీళ్ళు ఎవరో తోస్తున్న చప్పుడు.

తీర్మానం అనుకున్నంత తేలికైంది కాదు. అత్తయ్యగారి మాట చివరిదాకా వినలేదు కాబట్టి ఇవాళ్టిది లెక్కలోకి రాదు.

రేపు పొద్దుట నుంచి మళ్ళీ మొదలు.